సీలుకీ విండోకీ ఏటి సంబంధం

భిలాయి ఖుర్సీపార్‌లో గురునాథరావు ఇల్లేదని అడగండి. "వేస్తే చప్పుడు రాని తలుపు ఏ ఇంటికుందో అదే" అంటారు. గల్లీలో మిగతా తలుపులన్నీ గాలికి టపటపా కొట్టుకుంటాయి, వానాకాలం ఉబ్బిపోయి మొరాయిస్తాయి. ఈయనగారి తలుపు మాత్రం మెత్తగా వచ్చి ద్వారబంధానికి అతుక్కుని ఊరుకుంటుంది. అంచులనిండా రబ్బరు పట్టీలు, అడుగున పాత కన్వేయర్ బెల్టు ముక్క. బయట ఎంత ధూళి లేచినా ఆ ఇంటి గచ్చు మీద వేలితో రాస్తే వేలికి నలుపంటదు. ఆ పేటలో ఇంకెవరింట్లోనైనా ఇది సాధ్యమా చెప్పండి? ఆ గర్వం ఆయనకి బోలెడు ఉండేది.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి మీసాలు సరిగ్గా రాని వయసులో మేనమామ వెంట భిలాయి వచ్చాడు. స్టీలు ప్లాంటులో గ్యాస్ లైన్ల మీద పని. మనిషి నిలబడి నడిచిపోయేటంత లావు గొట్టాలు. వాటిలో పోయే గ్యాసుకి రంగుండదు, వాసనుండదు, మనిషిని మాత్రం పడేస్తుంది. రెండు గొట్టాలు కలిసేచోట సందు పూడ్చే గాస్కెట్ పెట్టి, బోల్టులు బిగించి, సబ్బునీళ్ళు రాసి, బుడగ లేస్తుందా లేదా అని కళ్ళు చిట్లించి చూడటం ఆయన ఉద్యోగం. బుడగ లేవకపోతే "సీల్ పక్కా" అని సుద్దముక్కతో టిక్కు పెట్టేవాడు. ఆయన బిగించిన జాయింటు దగ్గర బీడీ కాల్చుకోవచ్చని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆ మాటకి ఆయన మురిసిపోయేవాడు, అదీ ఆయన బలహీనత.

చదువు పెద్దగా లేదు. కానీ ప్లాంటులో తెలుగువాడు, ఛత్తీస్‌గఢీవాడు, బెంగాలీవాడు అందరూ కలిసి మాట్లాడుకునే సగం మాటలు ఇంగ్లీషువే కదా. ఆ మాటలు ఆయన నోట నిలిచాయి. కూతురు మధులత బడిలో చేరాక తండ్రీకూతుళ్ళ మధ్య ఓ ఆట మొదలైంది. డ్యూటీ నుంచి వచ్చి సైకిలు స్టాండు వెయ్యకముందే ఆ పిల్ల గుమ్మంలో నిలబడేది. ఆయన ప్లాంటు మాట ఒకటి చెప్పాలి, ఆమె పుస్తకం మాట ఒకటి చెప్పాలి. రెండింటికీ బొత్తిగా చుట్టరికం ఉండకూడదు. రెండింటి అర్థం చెప్పి, ఏది ఎక్కడ వాడతారో చెప్పి, ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో తేల్చాలి. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళకి వేడి జిలేబీ తేవాలి. జిలేబీ తెచ్చేది ఎప్పుడూ ఆయనే అనుకోండి.

"క్రేన్" అని ఆయనంటే "హాలిడే" అనేది ఆమె. "క్రేన్ బరువు ఎత్తుతాది నాన్నా, హాలిడే బరువు దింపుతాది" అని మూడో తరగతి పిల్ల చెప్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకోసారి ఆయన "వాల్వ్" అన్నాడు, ఆమె "సారీ" అంది. ఆ రోజు ఆయనే బాగా చెప్పాడు. "వాల్వు సగం తిప్పీసినావనుకో, సగం తెరుసుకుంటాది. సారీ సగం సెప్పినావనుకో, అసలు సెప్పనట్టే లెక్క. రెండింటికీ సెయ్యి తిరగాల, లేపోతే బిగుసుకుపోతాయి." ఈ మాట మధులత పెద్దయి స్మృతి నగర్‌లో చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరయ్యాక పిల్లలకి చెప్పింది. మా నాన్న చెప్పాడని మరీ చెప్పింది.

ఆయన భార్య కన్నమ్మ ఈ ఆటలోకి ఎప్పుడూ రాలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, హిందీ కూడా కూరల బేరానికి సరిపడా వచ్చు. ఇద్దరూ అరుగు మీద వాదించుకుంటుంటే మధ్యలోంచి చేటతో దాటుకుంటూ పోయేది. "మీ ఇంగ్లీసు మీరేడవండి, నాకు బియ్యంలో రాళ్ళున్నాయి" అనేది. అదీ కోపంగా కాదు. ఇంట్లో ఆవిడ ఉన్నట్టే తెలిసేది కాదు. వేళకి అన్నం ఉండేది, ఉతికిన బట్ట ఉండేది, చెంబుతో మంచినీళ్ళు ఉండేవి, అంతే. అలాంటి మనిషిని ఇంట్లోవాళ్ళు గమనించడం మానేస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, అలవాటైపోతుంది.

ఆయన రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేసి ఖుర్సీపార్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు యుగంధర్ కాంట్రాక్టు కింద ప్లాంటులోనే డ్యూటీ చేస్తూ తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాడు. మధులతకి పెళ్ళయింది. అల్లుడు మనోహర్‌ది రాయ్‌పూర్‌లో ఉద్యోగం. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి, రెండు సార్లు పోగొట్టుకున్నాక, ఈ శీతాకాలం మధులత పుట్టింట పురుడు పోసుకుంది. ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టింది, అరచేతిలో పట్టేటంత ఉంది. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. పాపకి చలి తగలకూడదు. తగిలిందో, మళ్ళీ ఇక్కడికే తెస్తారు, అప్పుడు నేనేం చెప్పలేను.

అంతే, ఆ మాట గురునాథరావు గుండెలో మేకులా దిగింది. ఆ ఏడు చలి కూడా మామూలుగా లేదు. మబ్బు పట్టి, సన్నటి వాన, ఎముకలు కొరికే గాలి. మనవరాలు బతకాలి. రెండు సార్లు ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన కూతురు ఈసారి అలా రాకూడదు. ఆయనకి ఇంకో ఆలోచన లేదు.

వెనకగది పురిటిగది అయింది. శుద్ధయ్యేదాకా మగవాళ్ళు గడప దాటకూడదని కన్నమ్మ కట్టడి. నోరెత్తని కన్నమ్మ ఈ విషయంలో మాత్రం పెద్ద దొరసానే. కూతురి చెవుల్లో దూది, తలకి గుడ్డ, కాయం ఉండ, మిరియాల చారు. బొబ్బిలిలో తన తల్లి తనకి ఎలా చేసిందో అలాగే. బాలింతరాలి దగ్గర కుంపటి ఆరకూడదన్నది ఆవిడ లెక్క. ఆ ఊళ్ళో అది పెంకుటిల్లు, కప్పులో చేయి దూరే సందులు. ఈ ఊళ్ళో ఇది స్లాబు. ఈ తేడా ఎవరికీ తట్టలేదు. కుంపటికి బదులు ఇక్కడ సిగడీ. అందులో వేసేది కట్టెబొగ్గు కాదు, ఈ ఊరి రాక్షసిబొగ్గు.

గడప దాటకుండా తాత చెయ్యగలిగేది ఏముంది? తనకొచ్చిన పని చేశాడు. తల్లీపిల్లా ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే కిటికీ రెక్కల చుట్టూ రబ్బరు దించాడు. ఆ గది తలుపుకి కొత్త పట్టీలు వేశాడు. అటకమీది పాత పెట్టెలోంచి కన్వేయర్ బెల్టు ముక్క తీసి తలుపు అడుగున బిగించాడు. ఇక పైన వెంటిలేటరు ఒక్కటి మిగిలింది. దానికి అడ్డంగా రేకు పెట్టాడు. అయినా అంచుల్లోంచి సన్నగా గాలి దూరుతుందని కన్నమ్మ చెప్పింది. "అది నాకొదిలీ" అన్నాడు.

పక్కింటి అహల్య ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషి. రోజూ వచ్చి పాపకి నీళ్ళు పోసి వెళ్ళేది. ఆ గదిలో అడుగుపెట్టినప్పుడల్లా ముఖం చిట్లించేది.

"మావయ్యా, కాస్త గాలాడనీండి. నాకే ఊపిరి సలపట్లేదు."

"గాలే వద్దన్నాది డాక్టరమ్మ. నువ్వేటి, గాలి గాలి అంటావు?"

"గాలి వేరు, ఈదురుగాలి వేరు మావయ్యా. మరి ఆ సిగడీ ఏటి, గదిలో?"

"పొగపోయినాకే లోన పెడతాది మీ అత్త. వరండాలో రాజుకుని, నల్లపొగా తెల్లపొగా అంతా పోయి, నిప్పు ఎర్రగా అయినాకే. చుక్క పొగుండదు. నీ కళ్ళు మండినాయేటి, సెప్పు?"

మండలేదని ఆమె ఒప్పుకుంది. అక్కడితో ఆగింది, పెద్దాయనతో ఎంతని వాదిస్తుంది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, చెప్పకుండా ఉండలేను. ఈయనెవరు? జీవితమంతా గ్యాసుతో కాపురం చేసినవాడు. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు అని కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ వేలు చూపించి బెదిరించినవాడు. ఆ గ్యాసు బొగ్గులోంచే పుడుతుందని, ఎర్రటి నిప్పులోంచే పుడుతుందని ఆయనకి తెలియదా? తెలుసు. కానీ అది ప్లాంటు సంగతి. అక్కడ గొట్టాలుంటాయి, మీటరుంటుంది, ఎర్రబోర్డుంటుంది. గ్యాసనేది గేటు లోపల ఉంటుంది, గేటు బయట ఉండేది పొగ. ఇల్లంటే ఇల్లు, అక్కడేం గ్యాసు? తన భార్య ఊదుకుని తెచ్చిన నిప్పుని ఆ గ్యాసుతో కలిపి ఆలోచించడం ఆయనకి చేతకాలేదు. ఆ పేటలో ఏ రిటైరైన మనిషిని అడగండి, అంతే. హెల్మెట్టుతోపాటు ఆ భయాన్ని కూడా గేటు దగ్గరే అప్పజెప్పి వస్తారు.

ఆ రోజు పొద్దున్న వాన పడుతూనే ఉంది. గురునాథరావు ఎం-సీల్ ముద్ద పిసికి, నిచ్చెన వేసుకుని, బయటి వైపు నుంచి వెంటిలేటరు అంచులన్నీ పూడ్చాడు. దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఇప్పుడు సూడు కన్నమ్మా, గాలేటి, చీమ కూడా దూరదు" అన్నాడు. "అవును, దీపం కూడా ఊగట్లేదు" అంది లోపల్నుంచి ఆవిడ. ఆ మెచ్చుకోలుకి ఆయన ముఖం వెలిగింది.

మధ్యాహ్నానికి ముందు అహల్య వచ్చి తల్లినీ పిల్లనీ పెరట్లో స్నానాలగదికి తీసుకుపోయింది. వేడినీళ్ళు, పసుపు, నలుగు, అదో పెద్ద తంతు. ఆ సేపంతా కన్నమ్మ పురిటిగదిలోనే ఉంది. పక్కబట్టలు మార్చింది, సాంబ్రాణి వేసింది, వేడి బయటికి పోకుండా తలుపు మూసుకుని వరండాలో రాజేసి తెచ్చిన ఇంకో నాలుగు పెద్ద నిప్పులు సిగడీలో ఎగదోసింది. పిల్ల స్నానం చేసి వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలని ఆవిడ తాపత్రయం. తను పొద్దున టీ తాగింది, అంతే. స్నానమయ్యాక తల్లీపిల్లా లోపలికి వెళ్ళారు, అహల్య తన ఇంటికి వెళ్ళిపోయింది, తలుపు మెత్తగా మూసుకుంది.

గురునాథరావు తలుపు బయట గోడకి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పురుడు వచ్చినప్పటినుంచీ అదే ఆయన స్థానం. మనవరాలి మూలుగు వినపడుతుందేమోనని చెవి తలుపుకి ఆనించేవాడు.

"నాన్నా, ఉన్నావా?" అంది లోపల్నుంచి మధులత.

"ఉన్నాను తల్లీ. గుంట తొంగుందా?"

"పడుకుంది. నాకే బోర్ కొడతంది. ఆడదామా? చలో, నీ మాట చెప్పు."

ఎన్నాళ్ళయింది ఆడి! ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. తల పైకెత్తితే తను పొద్దున్న వేసిన పట్టీలు కనిపించాయి. "నా మాట సీల్" అన్నాడు.

"అయితే నా మాట విండో. బయటికి చూసి ఎన్ని రోజులైపోయిందో."

"సీలుకీ విండోకీ ఏటి సంబంధం? బాగుంది. మొదట నాను సెప్తాను. సీలంటే లోపలిది లోపలే, బయటిది బయటే. గొట్టానికి వాడతారు, సీసాకి వాడతారు, బ్యాంకోళ్ళు తాళానికి వాడతారు. ఎక్కడ వాడినా అది కాపలా మనిషే. నిద్దరోదు, జీతమడగదు."

"విండో అంటే ఇంటికి ముక్కు నాన్నా. ఇంటికే కాదు, బస్సుకుంటుంది, ట్రైనుకుంటుంది, టికెట్లిచ్చే చోట కూడా విండోయే. ఎక్కడున్నా ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ మధ్య ఏదో ఒకటి ఇచ్చిపుచ్చుకోవాలి. ఇచ్చిపుచ్చుకోకపోతే అది గోడ."

"అబ్బో, టీచరమ్మ!"

"మీ తండ్రీకూతుళ్ళ ఇంగ్లీసు ఆపండర్రా, గుంట లేస్తాది" అని కన్నమ్మ గొంతు వినిపించింది. నెమ్మదిగా, బరువుగా ఉంది. "నాకేటో బద్దకంగా ఉంది. ఇక్కడే ఓ కునుకు తీస్తాను."

"తియ్యి తియ్యి, పొద్దున్నించీ నడుం వాల్చలేదు" అన్నాడు గురునాథరావు.

అంతటితో ఆవిడ మాటలు అయిపోయాయి. ఆట సాగింది.

"ఎక్కడ కలుస్తాయో సెప్పు మరి" అన్నాడు ఆయన.

"రెండూ... రెండూ అంచుల్లో ఉంటాయి నాన్నా. మధ్యలో ఉండవు. నాన్నా, తల బద్దలైపోతంది నాకు."

"తలంటుకున్నావు కదా. నీరు దిగుంటాది."

"కడుపులో కూడా తిప్పుతంది. కిటికీ థోడా సా తీయించనా? రెండు నిమిషాలు."

ఆయనకి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. బయట వాన జల్లు గోడని కొడుతోంది. "వద్దు తల్లీ, పాపకి దెబ్బ. సాయంత్రం వాన తగ్గనీ. నువ్వు ఆట మీద దృష్టి పెట్టు, నొప్పి తెల్దు. ఎక్కడ విడిపోతాయో సెప్పు."

ఇలా అన్నవాడు ఆ తండ్రే. ప్రేమతోనే అన్నాడు. తర్వాత జీవితమంతా ఆ మాట ఆయన్ని నమిలింది.

లోపల్నుంచి జవాబొచ్చింది. మాట ముద్దముద్దగా ఉంది.

"సీలు తెరిస్తే... ఎండొస్తుంది. విండోని బోల్టులేసి బిగిస్తారు... కాదు. విండో పాపకి తాగిస్తారు..." నవ్వింది. పిచ్చి నవ్వు. "నాన్నా, రెండూ ఒకటే కదా? నాకు ఒకటే అనిపిస్తోంది."

"ఏటే, నిద్దరొస్తందా?"

"నహీ. నాకేం కాలేదు. నేను బానే ఉన్నా. నాకేం కాలేదు."

ఆ ముక్క విని గురునాథరావు కుర్చీలోంచి లేచాడు. ఈ మాట ఆయన విన్నాడు. ఎప్పుడో ప్లాంటులో, లైను పక్క మెట్ల మీద కూర్చుని ఒక హెల్పరు కుర్రాడు ఇలాగే వంకరగా నవ్వాడు. ఇలాగే తలా తోకా లేకుండా మాట్లాడాడు. ఏమైందిరా అంటే "ముఝే కుఛ్ నహీ హువా" అని రెండుసార్లు చెప్పి, మూడోసారి నోరు తెరిచి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గ్యాసు పట్టినవాడు ఎప్పుడూ తనకేమీ కాలేదనే అంటాడు. ఆయనే ఎంతమందికి చెప్పాడో!

"గ్యాస్!" అని కేక పెట్టాడు. పాతికమంది ఉన్న షెడ్డులో పెట్టినట్టు పెట్టాడు.

మైల లేదు, గడప లేదు. తలుపు మీద పడ్డాడు. తను వేసిన పట్టీ, తను బిగించిన బెల్టు ముక్క, వేడికి మెత్తబడి పట్టుకున్నాయి. భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు. తలుపు సగం దాకా వెళ్ళి దేనికో తగిలి ఆగింది. బెల్టే అడ్డుకుందనుకుని తిట్టుకుంటూ ఆ సందులోంచి దూరాడు. లోపల చీకటి, కొలిమి దగ్గరున్నంత వేడి. పొగ మాత్రం లేదు. కిటికీ పక్క మంచం మీద మధులత గోడకి చేరగిలబడి, కళ్ళు సగం తెరిచి ఉంది. ఊపిరి బిగబట్టి పాపని ఒక చేత్తో చంకలోకి లాక్కున్నాడు. రెండో చేత్తో కూతుర్ని నడుం దగ్గర పట్టి ఈడ్చాడు. ఆ వయసులో ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. ఊపిరి ఆపుకోలేక ఒకసారి పీల్చాడు, గుండెనిండా. గది గిర్రున తిరిగింది. అయినా వదల్లేదు.

గడప దాటాక ఆయన చేతులు ఒక పని చేశాయి. ఆలోచించి చేసింది కాదు. అన్నేళ్ళ డ్యూటీ చేసిన చేతులు అవి. గ్యాసున్న చోటుని ముందు మూసెయ్యాలి, మనుషులున్న వైపు రానివ్వకూడదు. వెనక్కి తిరిగి తలుపు లాగాడు. అది వచ్చి ద్వారబంధానికి మెత్తగా అతుక్కుంది. చప్పుడు కాలేదు.

వరండాలో, వాన జల్లులో, ఇద్దర్నీ పడుకోబెట్టాడు. చలి తగలకూడదన్న పిల్లని వానగాలిలో పెట్టి, "ఏడు తల్లీ, ఏడు, నీకు దండం పెడతాను, ఏడు" అని దాని పాదాలు రుద్దాడు. కేక విని అహల్య పరుగెత్తుకొచ్చింది. పాపని లాక్కుని బోర్లా వేసి వీపు నిమిరింది. ఎదురింటివాళ్ళు గొడుగులు పట్టుకొచ్చారు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేశారు. మధులత ఒక్కసారి వాంతి చేసుకుంది, దగ్గింది, గాలి పీల్చింది. ఆ తర్వాత పాప ఏడ్చింది. ముందు పిల్లికూనలా, తర్వాత గట్టిగా, కోపంగా.

గురునాథరావు గోడకి జారగిలబడి భోరున ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా కళ్ళు చెమర్చాయి. "బతికిపోయారు మావయ్యా, సమయానికి చూసినారు" అంది అహల్య. ఎదురింటి దీదీ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాడు. తల దిమ్ముగా ఉంది, కానీ నోరు ఆగలేదు.

"మాటని బట్టి పట్టినాను. సీలు, విండో ఆట ఆడతన్నాం. తప్పు సెప్పడం మొదలెట్టింది. ఇదెప్పుడూ తప్పు సెప్పదు, నాకు తెలుసు కదా. వాసనుండదు ఆ గ్యాసుకి, రంగుండదు. ఒక్క మాటల్లోనే తెలుస్తాది. మాట తడబడిందో, అంతే, లెగిసిపోవాల..."

అందరూ తలలూపుతూ విన్నారు. గురునాథరావు కాబట్టి పట్టాడు, ఇంకొకడైతే ఏమయ్యేదో అన్నారు. ఆయన ఇంకొన్ని నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా చెప్పాడు. అహల్య పాపని తన కొంగులో చుట్టుకుని ఊపుతోంది. కన్నమ్మ అత్త వంటింట్లోనో దుకాణంలోనో ఉందని ఆమె అనుకుంది. మధులత కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకోవడం మీదే ఉంది. వాన పడుతూనే ఉంది.

యుగంధర్ డ్యూటీ దిగి వచ్చాడు. గుంపుని చూసి బండి అక్కడే పడేసి పరుగెత్తాడు. చెల్లెల్ని చూశాడు, పాపని చూశాడు, తండ్రిని చూశాడు. "క్యా హువా? ఏమైంది నాన్నా?"

"ఏటీ అవలేదురా, తీసీసినాను. ఇద్దర్నీ తీసీసినాను. సమయానికి పట్టినాను..."

యుగంధర్ గుంపంతా కలియజూశాడు. ఒక్కొక్క ముఖమే చూశాడు.

"అమ్మేదీ?"

గురునాథరావు నీళ్ళు తాగబోయి ఆగిపోయాడు. చెంబు చేతిలోనే ఉంది. మరిచిపోయాడు. ఆ గ్యాసు ఒక్క గుక్క పీల్చాడు కదా, తల తిరిగి ఉంది కదా, కంగారులో ఉన్నాడు కదా అని తర్వాత ఎంతమందో సర్దిచెప్పారు. నేనూ సర్దిచెప్పగలను. కానీ ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఆయన ఇద్దర్ని లెక్కపెట్టాడు, అదీ నిజం. కునుకు తీస్తానని ఆవిడ ఆయనకే చెప్పింది, అదీ నిజం.

ఆయన మెల్లగా తల తిప్పి ఇంట్లోకి చూశాడు. ముందుగది అవతల ఆ తలుపు కనిపించింది. ఎక్కడా సందు లేకుండా మూసుకుని ఉంది.

యుగంధర్ ఒక్క తన్ను తన్నాడు. తలుపు మళ్ళీ సగం దాకే వెళ్ళింది. ఈసారి అది దేనికి తగిలి ఆగుతోందో అందరికీ తెలిసింది. తలుపు వెనక మూలలో, చిన్న పీట మీద, గోడకి ఆనుకుని కన్నమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో విసనకర్ర. ముందు సిగడీలో నిప్పు ఇంకా చక్కగా ఎర్రగా ఉంది. ముఖం కూడా ఎర్రగా, నిండుగా, పెళ్ళికూతురప్పటి కంటే ఆరోగ్యంగా ఉంది. అలసిపోయి నిద్రపోతున్న మనిషి అనుకోవచ్చు.

కొడుకు ఎత్తి తెచ్చి వరండాలో పడుకోబెట్టాడు. అహల్య పాపని ఎవరికో ఇచ్చేసి వంగి, గుండెల మీద నొక్కింది, నోట్లో గాలి ఊదింది, మళ్ళీ నొక్కింది. చాలాసేపు చేసింది. అంబులెన్సు గల్లీ మలుపులో హారను కొడుతోంది. ఆమె మణికట్టు పట్టుకుని కూర్చుంది. తర్వాత వదిలేసి, ఎవరివైపూ చూడకుండా లేచి నిలబడింది.

"అమ్మా" అంది మధులత. అప్పుడే ఆమెకి పూర్తిగా తెలివొచ్చింది.

గురునాథరావు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. భార్య బుగ్గ తట్టాడు, వెచ్చగానే ఉంది. చెవి దగ్గర నోరు పెట్టాడు. చుట్టూ ఇంతమంది ఉన్నారన్న ధ్యాస లేదు.

"కన్నమ్మా. ఓలమ్మీ. మాటాడే. ఏటో ఒకటి మాటాడు, తప్పైనా పర్లేదు, తప్పే మాటాడు. నన్ను తిట్టు. ఇంటన్నాను కదే, ఇక్కడే కూకున్నాను, ఇంటన్నాను..."

స్ట్రెచరు పట్టుకొచ్చిన వాళ్ళు పక్కకి జరగమన్నారు. ఆయన జరగలేదు. చెవి ఆవిడ నోటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, అలాగే వింటూ ఉండిపోయాడు.